తలలో గడ్డ: ముందు దాని పేరడగండి

పోయిన నెల మూర్ఛల మీద రాస్తూ చివర్లో "కొందరిలో మెదడులోని కణితి వల్ల కూడా ఫిట్స్ రావచ్చు" అని ఒక్క వాక్యం పడేశాను. మిగతా పేజీ మొత్తానికి రాని ఉత్తరాలు ఆ ఒక్క వాక్యానికి వచ్చాయి. సంపాదకులు వాటిని సంచీలో వేసి కీల్పాక్‌లోని మా ఇంటికి పంపించారు. మా ఆవిడ సంచీ బరువు చూసి, "ఒక్క మాటతో ఇంతమందికి నిద్ర లేకుండా చేశారు, ఇప్పుడు మీరూ మేలుకోండి" అంది. అందుకే ఈ నెలంతా ఇదే విషయం. ఎవరి పేర్లూ వేయడం లేదు. ఇంకో సంగతి, నేను రిటైరైన న్యూరోసర్జన్ని, మీ స్కాన్ చూసినవాణ్ణి కాదు. మీ ఫిల్ము చేతిలో ఉన్న డాక్టరు చెప్పేదీ నేను రాసేదీ వేరైతే ఆయన మాటే వినండి.

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. షోలింగనల్లూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రోజుకి ఐదారు గంటలు ఫోను చెవి దగ్గరే ఉంటుంది. ఆరు నెలలుగా తలనొప్పి. ఫోను వల్ల బ్రెయిన్ కేన్సర్ వస్తుందని మా రూమ్మేటు వీడియో చూపించాడు. స్కాన్ తీయించుకోనా?

నాయనా, మీరు అడగని విషయం ఒకటి మీ ఉత్తరం రెండో పేజీలో ఉంది. "రోజూ సాయంత్రం మాత్ర వేసుకుంటే తగ్గుతోంది" అని రాశారు. నా అనుమానం ఆ మాత్ర మీదే. నెలకి 15 రోజులు, ఆ పైన నొప్పి మాత్రలు మింగుతూ మూడు నెలలు గడిపితే ఆ మాత్రలే తలనొప్పిని తెచ్చిపెడతాయి. మా ఓపీలో కణితి భయంతో వచ్చిన కుర్రాళ్లలో ఈ బాపతు వాళ్లే ఎక్కువ.

ఇక ఫోను. 2011లో అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ ఫోను తరంగాలను "కేన్సర్ కారకం అయ్యే అవకాశం లేకపోలేదు" అనే 2బి జాబితాలో చేర్చింది. వీడియోలవాళ్లు పట్టుకున్నది ఆ ముక్కనే. అదే జాబితాలో కొన్ని ఆసియా దేశాల ఊరగాయలు కూడా ఉన్నాయి. (మన ఆవకాయ కాదు, కంగారు పడకండి. తూర్పు ఆసియాలో కూరగాయలు పులియబెట్టే పద్ధతి వేరు.) అనుమానం పూర్తిగా తీరనివన్నీ ఆ అరలోకి పోతాయి. ఆ తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరగా అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ కలిపి పరిశీలించారు. 2024లో వెలువడిన ఆ సమీక్షలో ఫోనుకీ మెదడు కేన్సర్‌కీ సంబంధం కనిపించలేదు. మన కణాల్లోని డీఎన్ఏని తెంచేటంత శక్తి ఫోను తరంగాలకి లేదు. ఎక్స్‌రేకి ఉంది. ఇజ్రాయెల్‌లో 1950ల్లో పిల్లల తలలో తామరకి వైద్యంగా ఎక్స్‌రే కిరణాలు పెట్టారు. దశాబ్దాల తర్వాత వాళ్లలో మెదడు పొర కణితులు ఎక్కువగా బయటపడ్డాయి. రేడియేషన్ గురించి నిజంగా రుజువైన భయం అది.

తెల్లవారుజామున లేపేసే నొప్పి, దాంతోపాటు వాంతి, దగ్గినా వంగినా ఎక్కువవడం, చూపు మసకబారడం, ఒక చెయ్యో కాలో పట్టు తప్పడం, జీవితంలో మొదటిసారి ఫిట్ రావడం: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా స్కాన్ తీయించండి. ఏవీ లేకపోతే ముందు కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. టార్చిలాంటి పరికరంతో కంటి లోపలికి చూస్తారు. తలలో ఒత్తిడి పెరిగితే చాలామందిలో కంటి నరం ఉబ్బి కనబడుతుంది. రెండు నిమిషాల పని.

ప్రశ్న: మాది సూళ్లూరుపేట. మా వాడికి 21. క్రికెట్ ఆడుతుండగా ఫిట్ వచ్చి, కుడి చెయ్యి గిలగిలా కొట్టుకుని పడిపోయాడు. సీటీలో మెదడులో మచ్చ ఉందన్నారు. స్కాన్ సెంటర్లో ఒకాయన ట్యూమర్ అన్నాడు. ఇంకొకాయన పందిమాంసం పురుగు అన్నాడు. మేం గుడ్డు కూడా ముట్టం. ఎవరిని నమ్మాలి?

మీరు జతచేసిన రిపోర్టులో 12 మిల్లీమీటర్ల ఉంగరంలాంటి మచ్చ అని ఉంది. చుట్టూ కాస్త నీరు, మెదడు పక్కకి జరగలేదు అని కూడా రాశారు. అబ్బాయికి తలనొప్పి లేదు, చెయ్యి మళ్లీ మామూలుగా ఉంది. ఇలాంటి మచ్చ మన దేశంలో కుర్రవాళ్లలో కనబడితే నాకు మొదట గుర్తొచ్చేది కేన్సర్ కాదు. ఆ రెండో ఆయన చెప్పిందే.

మీకు దగ్గర్లోనే, వెల్లూరు సీఎంసీలో, వేదాంతం రాజశేఖర్ గారూ ఆయన సహచరులూ ఈ మచ్చల మీద ఏళ్ల తరబడి పనిచేశారు. 20 మిల్లీమీటర్లకి మించని ఒకే మచ్చ, తలలో ఒత్తిడి పెరిగిన లక్షణాలు లేకపోవడం, రోజురోజుకీ ముదిరే బలహీనత లేకపోవడం వంటి గుర్తులు చూసుకుంటే తల తెరవక్కర్లేకుండానే అది పురుగు తాలూకు గడ్డ అని చాలావరకు చెప్పవచ్చని చూపించారు. అంతకు ముందు ఇలాంటి మచ్చల్ని క్షయ గడ్డలనుకుని నెలల తరబడి టీబీ మందులు వాడేవాళ్లం, కొన్నిసార్లు ఆపరేషనూ చేసేవాళ్లం. నేనూ చేశాను.

శాకాహారులకి ఎలా వచ్చిందంటారా? సరిగా ఉడకని పందిమాంసం తిన్నవాడి పేగులో బద్దెపురుగు పెరుగుతుంది. దాని గుడ్లు వాడి మలంలో బయటికొస్తాయి. ఆ మలం కలిసిన నీళ్లు పారించిన కొత్తిమీర, కేరట్, లేకపోతే చెయ్యి కడుక్కోని వంటవాడు. ఆ గుడ్లు మింగినవాడి మెదడులో తిత్తి కడుతుంది. మాంసం తిన్నది ఒకరు, ఫిట్ వచ్చింది ఇంకొకరికి. మీ మడికీ ఆచారానికీ ఇందులో ఏ లోటూ రాలేదు.

న్యూరాలజిస్టుకి చూపించండి. ఎమ్మారై అడగొచ్చు, రెండు మూడు నెలలాగి మళ్లీ స్కాన్ తీయొచ్చు. పురుగు గడ్డయితే చాలామందిలో కుంచించుకుపోతుంది. ఫిట్స్ మాత్ర మాత్రం ఒక్క పూట కూడా మానకూడదు. డాక్టరు సరేననేదాకా బైకు, ఈత, మిద్దె అంచు వద్దు. అన్నట్టు, ఇదే మొదటి ఫిట్ 55 ఏళ్ల మనిషికి వచ్చుంటే నేనింత నిమ్మళంగా రాసేవాణ్ణి కాను.

ప్రశ్న: పెరంబూరు నుంచి. మావారికి 56. రెండు నెలలుగా మాట తడబడుతోంది, "నీళ్లు" అనబోయి "అదే... అదే..." అంటున్నారు. ఎడమవైపు ముందు భాగంలో గడ్డ తీశారు. ముక్క పరీక్షలో "గ్లియోబ్లాస్టోమా, ఐడీహెచ్ వైల్డ్‌టైప్, గ్రేడ్ 4, ఎంజీఎంటీ మిథైలేటెడ్" అని వచ్చింది. ఇది కేన్సరేనా? నాలుగో స్టేజి అంటే ఒళ్లంతా పాకినట్టేనా? ఎన్నాళ్లు? ఆయనకి నెత్తురు గడ్డ అని చెప్పాం. మా మరిది నిజం చెప్పొద్దంటున్నాడు.

అమ్మా, అవును, ఇది కేన్సరే. మెదడులోనే పుట్టే కేన్సర్లలో పెద్దవాళ్లకి ఎక్కువగా వచ్చేది, మొండిదీ ఇదే. మీరు నేరుగా అడిగారు కాబట్టి నేరుగా చెబుతున్నాను.

కానీ స్టేజి వేరు, గ్రేడ్ వేరు. రొమ్ము, ఊపిరితిత్తుల కేన్సర్లకి స్టేజి చెబుతాం, అంటే ఎంత దూరం పాకిందని. మెదడు కణితికి అలా లెక్కపెట్టం, ఎందుకంటే అది తల దాటి కాలేయానికో ఎముకలకో పోవడం చాలా చాలా అరుదు. గ్రేడ్ అంటే మైక్రోస్కోపు కింద ఆ కణాల దూకుడు. 1 నెమ్మది, 4 తొందర. నాలుగని చూసి "ఒళ్లంతా పాకింది" అనుకోకండి. పాకేది మెదడులోనే, చెట్టు వేళ్లు మట్టిలోకి పోయినట్టు సన్నగా పోతుంది. అందుకే సర్జన్ కంటికి కనబడిందంతా తీసినా కంటికి కనబడనిది మిగిలే ఉంటుంది. "మొత్తం తీసేశామన్నారు కదా, మళ్లీ కరెంటు (రేడియేషన్) పెట్టడం ఎందుకు?" అని రెండో పేజీలో అడిగారు. ఇందుకే.

ఇక ఆ మాటలు. మెదడులో వచ్చే గడ్డల పేర్లు నూరు దాటతాయి. "బ్రెయిన్ ట్యూమర్" అన్న మాటతో మీకేమీ తెలియదు. ఊళ్లో "బండి" అంటే ఎడ్లబండా, రైలుబండా తెలియనట్టే. మా అత్తగారికి మెదడు పొరలో పుట్టే మెనింజియోమా వచ్చింది. నిమ్మకాయంత గడ్డ తీయించుకుని పద్దెనిమిదేళ్లు బతికి, చివరికి గుండెతో పోయింది. అదీ బ్రెయిన్ ట్యూమరే. ఊపిరితిత్తిలోనో రొమ్ములోనో పుట్టి మెదడుకి చేరే కేన్సర్లున్నాయి. పెద్దవాళ్ల మెదడులో, అక్కడే పుట్టిన కేన్సర్లకంటే ఇలా వలసొచ్చినవే ఎక్కువ. వాటి వైద్యం వేరు. అందుకే ఎవరొచ్చినా ముందు రిపోర్టులోని పూర్తి పేరు చదవమంటాను.

మీవారి పేరులో "ఐడీహెచ్ వైల్డ్‌టైప్" అంటే ఐడీహెచ్ అనే జన్యువు మామూలుగానే ఉంది, మారలేదని. వినడానికి మంచి మాటలా ఉంటుంది గానీ ఇక్కడ తిరకాసు. ఆ జన్యువు మారిన కణితులే నెమ్మదిగా పెరుగుతాయి. ఈ సంగతి 2008లో బయటపడింది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్లన్నీ సరిచేసి, జన్యువు మారినవాటిని గ్లియోబ్లాస్టోమా అనడమే మానేసింది. కాబట్టి పాత పుస్తకాల్లో గ్లియోబ్లాస్టోమాతో చాలా ఏళ్లు బతికారని కనబడే కథల్లో కొన్ని అసలు వేరే జబ్బువి. "ఎంజీఎంటీ మిథైలేటెడ్" మాత్రం నిజంగా మంచి మాట. టెమోజోలమైడ్ అనే మందు కేన్సర్ కణం డీఎన్ఏకి దెబ్బ వేస్తుంది. ఎంజీఎంటీ ఆ దెబ్బకి కట్టు కట్టే కాంపౌండరు. మిథైలేటెడ్ అంటే కాంపౌండరు సెలవులో ఉన్నాడు. మందు బాగా పనిచేసే అవకాశం ఎక్కువ.

ఆ టెమోజోలమైడ్ కేప్సూల్, కరెంటు, రెండూ కలిపి ఇవ్వడం 2005 నుంచి ప్రపంచమంతా ఒకే పద్ధతి. 60 గ్రేల రేడియేషన్ని 30 భాగాలు చేసి వారానికి ఐదు రోజుల చొప్పున ఆరు వారాలు పెడతారు. కేప్సూల్ ఆ ఆరు వారాలూ రోజూ, శనాదివారాల్లో కూడా. తర్వాత నాలుగు వారాల విరామం. ఆపైన నెలకి ఐదు రోజుల చొప్పున ఆరు నెలలు. పరగడుపున మింగాలి, వాంతి మాత్ర ముందు వేసుకోవాలి, కేప్సూల్ విప్పి పొడి చెయ్యకూడదు. రక్తపరీక్ష డాక్టరు చెప్పిన రోజున తప్పకూడదు, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు పడిపోతాయి.

ఎన్నాళ్లు? ఈ పద్ధతిని తెచ్చిన పరిశోధనలో 573 మంది ఉన్నారు. రేడియేషన్ ఒక్కటే పొందినవాళ్లలో సగంమంది 12.1 నెలలు దాటారు. మందు కూడా కలిపినవాళ్లలో సగంమంది 14.6 నెలలు దాటారు. రెండేళ్లకి చూస్తే నూటికి 10 మందికీ 26 మందికీ ఉన్న తేడా. ఐదేళ్లకి మందు కలిపినవాళ్లలో నూటికి దాదాపు పదిమంది ఉన్నారు. మధ్య గీత ఇది. మీవారు గీతకి ఇటో అటో నేనే కాదు, ఎవరూ చెప్పలేరు. వయసు, గడ్డ ఎంతవరకు తీయగలిగారు, లేచి తన పని తాను చేసుకుంటున్నారా, ఎంజీఎంటీ, ఈ నాలుగూ కాస్త అటు తోస్తాయి. "ఆరు నెలలే" అని ఎవరైనా వేలు మడిచి చెబితే అది వాళ్ల ఊహ.

ఇక మీ మరిది మాట. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, క్షమించండి.

1990ల్లో మా జిల్లా నుంచే ఒక బడిపంతులు వచ్చారు. మీవారికున్న చోటే, అదే జబ్బు. కొడుకులిద్దరూ నా గది బయట చేతులు పట్టుకుని "నాన్నకి చెప్పకండి సార్" అన్నారు. నేను ఒప్పుకున్నాను. "నరం వాచింది మేస్టారూ, తగ్గిపోద్ది" అని ఆయన మొహం మీదే చెప్పాను. ఆయన తలూపారు. ఐదు నెలలు బాగానే ఉన్నారు, పేపరు చదువుకునేవారు, నా ప్రిస్క్రిప్షన్‌లో స్పెల్లింగు దిద్దారు ఒకసారి. తర్వాత గడ్డ మళ్లీ పెరిగింది. మాటలు ఒకటొకటే పోయాయి. చివరి మూడు వారాలు ఆయన నోట ఒకే మాట మిగిలింది: "నీలం". భార్యని చూసి "నీలం", కొడుకు చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపుతూ "నీలం". నీలం రంగు పెట్టెనా, నీలం అట్ట పుస్తకమా, నీలం అనే మనిషా? ఇంట్లో ఉన్న నీలం వస్తువులన్నీ తెచ్చి మంచం మీద పెట్టారు. చీర, దుప్పటి, సిరాబుడ్డి. ఒక్కోదాన్నీ చూసి తల అడ్డంగా తిప్పేవారు. కళ్లలో నీళ్లు. అదేమిటో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. ఆ ఐదు నెలలూ ఆయనకి మాట ఉంది. అది పోతుందని ఆయనకి చెప్పకుండా ఉన్నది నేను.

మీవారి గడ్డ ఉన్నది మాట పుట్టే చోటికి దగ్గర. బేంకు, ఇల్లు, పిల్లల సంగతి, ఆయన ఎవరితోనైనా మాట్లాడాల్సింది ఉంటే, అందుకు మంచి సమయం ఆపరేషన్ తర్వాత మాట కాస్త తెరిపినపడ్డ ఈ వారాలే. అన్నీ ఒకేసారి గుమ్మరించమనడం లేదు. "మీ జబ్బు గురించి మీకెంత తెలుసుకోవాలనుంది?" అని ముందు ఆయన్నే అడగమని డాక్టరుకి చెప్పండి. వద్దంటే వద్దు, అది ఆయన హక్కు. రేడియేషన్ విభాగం బయట బల్ల మీద ముప్పై రోజులు కూర్చునే మనిషికి, పక్కన కూర్చున్నవాళ్లంతా ఎందుకొచ్చారో తెలియకుండా ఉంటుందంటారా? మీ మరిదిగారిని ఒకరోజు అక్కడ కూర్చోబెట్టండి.

ప్రశ్న: తిరువొత్తియూరు. మా అమ్మకి మెదడులో గడ్డ. లేవలేని మనిషి డెక్సా మాత్రలు మొదలెట్టిన రెండో రోజుకి లేచి దోసె పోసింది. నయమైందనుకుని మాత్రలు ఆపేశాం. ఇప్పుడు మళ్లీ పడుకునే ఉంది.

వెంటనే ఆసుపత్రికి ఫోన్ చెయ్యండి, ఉత్తరం అచ్చయ్యేదాకా ఆగలేక సంపాదకుల ద్వారా మీకీ మాట ముందే చెప్పించాను. డెక్సామెథసోన్ అనే ఆ స్టెరాయిడ్ గడ్డని కరిగించదు, గడ్డ చుట్టూ చేరిన వాపుని తీస్తుంది. అందుకే ఒకటి రెండు రోజుల్లో అద్భుతంలా కనబడుతుంది. కొన్నాళ్లు వాడాక ఉన్నట్టుండి ఆపితే వాపు తిరిగొస్తుంది, పైగా ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ నిద్రపోయి ఉంటుంది కాబట్టి మనిషి కుప్పకూలవచ్చు. మెట్టు మెట్టుగా దించాలి. తిన్నాకే వెయ్యండి, షుగరు చూస్తుండండి, రెండో పూట మాత్ర మధ్యాహ్నమే ఇవ్వొచ్చేమో అడగండి, రాత్రి వేస్తే నిద్ర పట్టదు. మీరు రాసిన నాటుమందు సంగతి: అందులో ఏముందో ఇచ్చినాయన చెప్పకపోతే నేను నా మనిషికి పెట్టను.

ప్రశ్న: మా తమ్ముడికి 38. షావుకారుపేటలో వ్యాపారం. ఎడమ కణత లోపల నెమ్మదిగా పెరిగే గ్లియోమా (మెదడులోనే పుట్టే ఒక రకం కణితి) కావచ్చన్నారు. మెలకువగా ఉంచి, మాట్లాడిస్తూ ఆపరేషన్ చేస్తారట. మత్తివ్వకుండా తల కోయడమేమిటి? వినగానే మా అమ్మకి కళ్లు తిరిగాయి.

మీ అమ్మగారికి చెప్పండి, మెదడుకి నొప్పి తెలియదు. ఒంట్లోని నొప్పులన్నీ తెలుసుకునే ఆ అవయవానికి, తనని కోస్తే తెలిసే నరాలు లేవు. నొప్పి తెలిసేది చర్మానికీ, లోపలి దళసరి పొరకీ. వాటికి పంటి డాక్టరు ఇచ్చేలాంటి ఇంజక్షన్లు ఇస్తారు. ఎముక తీసేటప్పుడు చాలామందిని నిద్రపుచ్చుతారు, మెదడు కనబడ్డాక లేపుతారు.

ఎందుకు లేపడం? మాట ఎక్కడుందో మెదడు మీద బోర్డు ఉండదు. మనిషి మనిషికీ సెంటీమీటరో రెండో అటూ ఇటూ. మాంట్రియల్‌లో పెన్‌ఫీల్డ్ అనే న్యూరోసర్జన్ 1930ల నుంచే మెలకువగా ఉన్నవాళ్ల మెదడుని సన్నటి కరెంటుతో తాకి ఏ చోటు ఏ పని చేస్తుందో గీసుకున్నాడు. ఆయన దగ్గర నేర్చుకొచ్చిన జాకబ్ చాందీ 1949లో వెల్లూరులో దేశంలోనే మొదటి న్యూరోసర్జరీ విభాగం పెట్టారు. మరుసటి ఏడు ఇక్కడ మద్రాసు జనరల్ ఆసుపత్రిలో రామమూర్తి గారు మొదలుపెట్టారు. అంటే ఇది నిన్నమొన్న పుట్టిన ప్రయోగం కాదు.

నేను చేసిన మొదటి మెలకువ ఆపరేషన్లలో ఒక తప్పు చేశాను. రోగి మీ తమ్ముడిలాగే చెన్నైలో పుట్టిన తెలుగువాడు. ఇంట్లో తెలుగు, బజార్లో తమిళం. థియేటర్లో మాట్లాడించే అమ్మాయి తమిళురాలు, బొమ్మలన్నీ తమిళంలోనే అడిగింది, అన్నీ చెప్పాడు, హాయిగా గడ్డ తీశాం. మూడో రోజు వాళ్లమ్మ నా దగ్గరికొచ్చి, "వీడు నాతో అరవంలో మాట్లాడుతున్నాడయ్యా, తెలుగు రావట్లేదు" అంది. నాకు చెమట పట్టింది. రెండు భాషల మనిషికి రెండు భాషల చోట్లూ పూర్తిగా ఒకటి కావని అమెరికాలో ఓజ్‌మన్ 1978లోనే రాశాడు. చదివాను, పరీక్షలో జవాబూ రాశాను, థియేటర్లో మర్చిపోయాను. ఆరేడు వారాలకి అతని తెలుగు తిరిగొచ్చింది. తిరిగి రాకపోయినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఆ తర్వాత మా వీధిలో బొమ్మలు గీసే కుర్రాడితో తెలుగిళ్లలో ఉండే వస్తువులు గీయించాను. చాట, రోకలి, గిలక, తిరగలి, పూర్ణకుంభం. ఆ అట్టల మీద పసుపు మరకలున్నాయి, మా వంటింటి బల్ల మీదే తయారయ్యాయి మరి. ఒకసారి కడప నుంచి వచ్చిన ఒకావిడకి తిరగలి బొమ్మ చూపించాం. నా చేతిలోని సన్నటి కమ్మీ ఆమె మెదడు మీద ఒక చోట ఆనింది. "ఇది... ఇది..." అంటూ చెయ్యి గుండ్రంగా తిప్పుతోంది. పప్పు విసురుతోంది గాలిలో. పేరు రావట్లేదు. కమ్మీ పైకి తీశాను. "తిరగలి! తిరగలబ్బా, నాకు తెలీదా ఏంది!" అని నా మీద కసిరింది. ఆ చోట గోరంత కాగితం ముక్క మీద 4 అంకె వేసి పెట్టాం. గడ్డ దాని పక్కదాకా వచ్చింది. అక్కడ ఆగిపోయాను. కొంచెం మిగిలింది, కావాలనే మిగిల్చాను.

మధ్యలో ఫిట్ రావచ్చు. అందుకు పక్కనే చల్లటి సెలైన్ ఉంచుకుంటారు. మెదడు మీద పోస్తే చాలామటుకు అప్పుడే ఆగిపోతుంది. ఒకే భంగిమలో పడుకోవడం వల్ల భుజం లాగుతుంది, గొంతు ఎండుతుంది. తడిబట్టతో పెదవులు తుడుస్తారు. అవే అసలు బాధలు.

మీరు చెయ్యాల్సిన పని ఒకటుంది. ముందురోజు మాట్లాడించే స్పెషలిస్టు దగ్గరికి మీరూ వెళ్లండి. మీ తమ్ముడు లెక్కలు ఏ భాషలో వేసుకుంటాడో, పిల్లల్ని ఏ భాషలో తిడతాడో, కొట్లో ఏ భాష వాడతాడో చెప్పండి. తెలుగు బొమ్మలు లేవంటే మీరే ఫోన్లో తీసుకెళ్లండి. ముక్క పరీక్ష వచ్చాక ఐడీహెచ్ ఎలా ఉందో, 1పి/19క్యూ పరీక్ష (కణితి కణాల్లో ఆ రెండు క్రోమోజోమ్ ముక్కలు పోయాయా అని చూసేది) చేశారో లేదో అడగండి. ఐడీహెచ్ మారి, ఆ రెండు ముక్కలూ పోయి ఉంటే దాని పేరు ఆలిగోడెండ్రోగ్లియోమా. దాంతో పదేళ్లు, ఆ పైనా బతికేవాళ్లు చాలామందే ఉన్నారు. ఐడీహెచ్ మారిన గ్రేడ్ 2 కణితులకి వొరాసిడెనిబ్ అనే మాత్రని 2024లో అమెరికా అనుమతించింది. మీ తమ్ముడికి అది వర్తిస్తుందో లేదో పేరు తెలిశాకే మాట్లాడుకోవాలి.

ప్రశ్న: నా పేరు రాయకండి. రేడియేషన్ అయిపోయి నెలైంది. వంశంలో ఇంకెవరికైనా వస్తుందా? ఇంకొకటి, సిగ్గుగా ఉంది అడగడానికి. నేను మైలాపూరు మాడవీధిలో రోజూ పూలు కొనే మనిషిని. తలలో పూలు ఎప్పుడు పెట్టుకోవచ్చు?

వంశంలో వచ్చే మెదడు కణితులు తక్కువ. న్యూరోఫైబ్రోమటోసిస్ వంటి కొన్ని కుటుంబ జబ్బుల్లో తప్ప పిల్లలకి స్కాన్లు అక్కర్లేదు. ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు, ఒకే కంచంలో తినవచ్చు.

రెండో ప్రశ్నకి సిగ్గెందుకమ్మా? నా ముప్పై అయిదేళ్ల ప్రాక్టీసులో ఎవరూ అడగలేదు, అడగాల్సినవాళ్లు చాలామందే ఉండుంటారు. కిరణాలు వెళ్లిన దారిలోనే జుట్టు రాలుతుంది, సాధారణంగా రెండు మూడు వారాలకి మొదలవుతుంది. పూర్తయిన మూడు నాలుగు నెలలకి తిరిగి మొలుస్తుంది, కొన్నిచోట్ల పలచగా, కొందరికి రింగులు తిరిగి. మోతాదు ఎక్కువ పడ్డ చోట రాకపోవచ్చు కూడా. ఇప్పుడు ఆ చర్మం ఎండకి కమిలిన చర్మంలాంటిది. రంగులు, ఘాటు నూనెలు, బిగుతు పిన్నులు వద్దు. గోరువెచ్చని నీళ్లు, పసిపిల్లల షాంపూ చాలు. ఎండలోకి నూలు చెంగు కప్పుకుని వెళ్లండి.

మీకు కరెంటు పెట్టింది కుడివైపు పైభాగానికని రాశారు. వెనక జడ ఉందంటున్నారు. చర్మం ఎర్రదనం, పొట్టు పోయాయా లేదా ఒకసారి మీ డాక్టరుకి చూపించి, పోతే వెనకవైపు మెత్తటి దారంతో కట్టుకోండి, పిన్ను లేకుండా. కనకాంబరం మాల అయితే బరువుండదు. మల్లెలు ఒక మూరకి మించకుండా చూసుకోండి.